జనవరిలో సైడర్ రైతు దగ్గరికి వెళ్తే చూడ్డానికి ఏముంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. పటమటలో ఉండే మీరూ మీ వారూ ఈసారి సంక్రాంతికి బ్రిస్టల్‌లో అమ్మాయి దగ్గర ఉంటారు. అల్లుడు గారు ఒక రోజు సోమర్‌సెట్ పల్లెల్లో ఆపిల్ రసం పులియబెట్టి సైడర్ చేసే రైతు ఇంటికి తీసుకెళ్తానంటున్నారు. చెట్లకు ఆకు కూడా ఉండని చలికాలంలో అక్కడ చూసేదేముంది, మీరు తాగరు, మీ వారికి షుగర్, ఇద్దరూ శాకాహారులు, కాబట్టి వేసవికి వాయిదా వేద్దామా అని అడిగారు. చివర్లో ఒక సీసా ఇంటికి తేవచ్చా అని కూడా.

వాయిదా వేయకండి. పూత చూడాలంటే మే నెల, చెట్టున కాయ చూడాలంటే అక్టోబర్. సైడర్ అనేది సైడర్‌గా మారుతుండగా చూడాలంటే మాత్రం జనవరే. ఆగస్టులో వెళ్ళినవాళ్ళకు కనిపించేది కడిగి ఆరబెట్టిన ప్రెస్సు (పండ్లు పిండే యంత్రం), ఖాళీ పీపాలు, ఒక అమ్మకం బల్ల. అంతే. నేను గుంటూరు బ్రాడీపేటకు తిరిగి రాకముందు బ్రిస్టల్ దగ్గర పానీయాల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. నమూనాల కోసం ఇలాంటి కొట్టాలకు తిరగడం ఉద్యోగంలో భాగం. అన్ని కాలాల్లోనూ చూశాను కాబట్టి చెబుతున్నాను, అక్కడ సగం పని మనిషిది, సగం పని చలిది. ఆ రెండో సగం ఇప్పుడే కంటికీ చెవికీ అందుతుంది.

తాగకపోయినా మనవైపు తాటికల్లు సంగతి మీకు తెలియనిది కాదు. పొద్దున్నే దించిన లొట్టిలో తియ్యగా ఉన్నది ఎండెక్కేసరికి నురగ కడుతుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. అందులో ఎవరూ ఈస్టు వేయరు. లొట్టికి పట్టి ఉన్నదీ గాలిలోంచి వచ్చినదీ ఆ పని కానిచ్చేస్తుంది. పులవకూడదనుకుంటే లొట్టికి సున్నం పూసి నీరాగా దించుతారు. పాతకాలపు పద్ధతిలో చేసే సైడర్‌కి జరిగేదీ ఇదే, ఆపిల్ రసంలో ఉన్న చక్కెరను బయటినుంచి వేయని ఈస్టు తినేస్తుంది. తేడా అంతా వాతావరణంలో ఉంది. మన 30 డిగ్రీల పైన ఒక రోజులో ముగిసిపోయే వ్యవహారం, అక్కడ 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండే కొట్టంలో మూడు నాలుగు నెలలు నడుస్తుంది. నవంబర్‌లో పీపాలో పోసిన రసం జనవరి మధ్యకు ఇంకా నడిమధ్యలో ఉంటుంది. మీరు వెళ్ళేది సరిగ్గా అప్పుడు.

ఈ నిదానం వల్ల లాభమేంటని అడుగుతారేమో. వేడి ఎక్కువైతే ఈస్టు రెచ్చిపోతుంది, బొగ్గుపులుసు వాయువు ధారగా పైకి తన్నుకొచ్చి పండు సువాసనను తనతో మోసుకుపోతుంది. చలిలో ఆ వాసన రసంలోనే నిలుస్తుంది. వెనిగర్ చేసే బ్యాక్టీరియాకూ చలి గిట్టదు. ఇంకొక కారణం పొలంలోనే ఉంది. ఎరువు పెద్దగా వేయని పాత తోటల పండ్లలో నత్రజని తక్కువ, ఈస్టుకు అది తిండి కాబట్టి తిండి చాలక అది మందకొడిగా పనిచేస్తుంది. పంట దిగుబడి కోణంలో లోపం అనుకునేది ఇక్కడ గుణం. పెద్ద ఫ్యాక్టరీలు ఇంత ఓపిక పట్టవు. ప్యాకెట్ ఈస్టు వేసి, వేడిని తమ చేతిలో పెట్టుకుని, రెండు మూడు వారాల్లో పని ముగిస్తాయి. బ్రిటన్ పన్ను నిబంధనల ప్రకారం సైడర్ అనిపించుకోవడానికి 35 శాతం ఆపిల్ రసం ఉంటే చాలు. మిగతాది నీళ్ళు, చక్కెర. సూపర్‌మార్కెట్ డబ్బాలో దొరికే దాన్ని రుచి చూసి 'ఇంతేనా' అనుకున్నవాళ్ళు అనుకోవడంలో తప్పులేదు. మీరు వెళ్ళేది ఆ సరుకు దగ్గరికి కాదు.

ఇంతకీ కొట్టంలో ఏముంటుందంటే, మొదట తగిలేది వాసన. తడి చెక్క, పండు, కాస్త పిండి పులిసిన వాసన, అక్కడక్కడా కాల్చిన అగ్గిపుల్ల వాసన. ఆ చివరిది గంధకం సంబంధమైనది, పులిసే దశలో మామూలే, చాలావరకు తర్వాత పోతుంది. లోపల వరసగా ఓక్ పీపాలు ఉంటాయి, చాలావరకు అంతకుముందు విస్కీకో వైన్‌కో వాడినవి. వాటి పక్కనే ప్లాస్టిక్ ట్యాంకులు కూడా ఉంటాయి, వాటిని చూసి మొహం చిట్లించకండి, రైతు పాత వస్తువుల ప్రదర్శనశాల నడపడం లేదు. పీపా పైనున్న రంధ్రానికి బిరడా గానీ, నీళ్ళు పోసిన చిన్న గొట్టం గానీ ఉంటుంది. లోపలి వాయువు ఆ నీళ్ళలోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. అక్కడ ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడండి. ఒక పీపా గబగబా, పక్కది చాలాసేపటికి ఒకసారి, ఇంకొకటి అసలు లేనట్టుగా బుడబుడమంటాయి. రైతు వాటి మధ్య నడుస్తూ ఏది ఎక్కడిదాకా వచ్చిందో బుడగల జోరును బట్టే చెప్పేస్తాడు. మేం ల్యాబ్‌లో హైడ్రోమీటర్ పెట్టి సాంద్రత చూసి చెప్పేదానికీ ఆయన చెప్పేదానికీ తేడా కొంచెమే ఉండేది.

ఆ సాంద్రత లెక్క కూడా అడిగి చూడండి, మీరు టీచర్ కాబట్టి నచ్చుతుంది. పిండిన రోజు రసం సాంద్రత సుమారు 1.050 ఉందనుకుంటే, చక్కెర మొత్తం అయిపోయేసరికి అది నీటి సాంద్రత 1.000 దగ్గరికి దిగుతుంది, మద్యం దాదాపు 6.5 శాతం అవుతుంది. ఎండ బాగా కాసిన ఏడాదిలో చక్కెర ఎక్కువ, మద్యమూ ఎక్కువ. వానాకాలం లాంటి వేసవి వస్తే అదే తోట, అదే పీపా, 5 శాతం దాటదు. అందుకే ఈ రైతులు కిందటేడు సరుకు గురించి మాట్లాడితే ముందు వాతావరణం గురించి మాట్లాడతారు.

మద్యం ఆరు శాతం అన్నాను కదా, 'పొలంలో చేసిన మందు' అనగానే మన బుర్రలో మెదిలే నాటుసారాతో దీన్ని కలపకండి. ఇందులో బట్టీ పెట్టి కాచేది లేదు, ఆవిరి పట్టేది లేదు. పులియడంతో ఆగిపోతుంది. ఇంట్లో సారా కాస్తే అక్కడా నేరమే. సైడర్‌కి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 1976లో బ్రిటన్ సైడర్ మీద మళ్ళీ పన్ను వేసినప్పుడు, ఏడాదికి 70 హెక్టోలీటర్లు, అంటే 7,000 లీటర్ల లోపు చేసేవాళ్ళకు ఆ సుంకం మినహాయించారు. పల్లెల్లో ఈ చిన్న కొట్టాలు ఇన్ని మిగిలి ఉండటానికి నా లెక్కలో ప్రధాన కారణం ఇదే. సంప్రదాయం మీద ప్రేమ దాని తర్వాతే. 7,000 లీటర్లంటే పెద్ద వ్యాపారం కాదు. గొర్రెలో ఆవులో ఉన్న రైతు పక్కన చేసుకునే పని. కాబట్టి అక్కడ టికెట్టు కౌంటరు, గైడు, టాయిలెట్ బోర్డు లాంటివి ఆశించకండి. ముందురోజు ఫోన్ చేసి 'రావచ్చా' అని అడగాలి. ఆవు ఈనుతుంటే రావద్దంటాడు.

ప్రెస్సు నడవడం చూసే అవకాశం ఉందా అంటే, కొంచెం. ఆలస్యంగా పండే రకాలు క్రిస్మస్ దాకా, ఒక్కోసారి జనవరి మొదట్లోనూ పిండుతారు. రాలిన కాయలను కుప్ప పోసి కొన్ని వారాలు మగ్గనిస్తారు, లోపలి పిండి పదార్థం చక్కెరగా మారేదాకా. బొటనవేలితో నొక్కితే దిగబడితే సిద్ధమైనట్టు. వాటిని మరలో తురిమి, ఆ ముద్దను గుడ్డలో పరిచి మడిచి, పైన చెక్క పలక, మళ్ళీ గుడ్డ, మళ్ళీ పలక, ఇలా పేరుస్తారు. గుడ్డకు బదులు గడ్డి పరిచి పేర్చే పాత పద్ధతి వాళ్ళు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. పైనుంచి మరసీలతో బిగిస్తే రసం దిగుతుంది. ఒక టన్ను పండ్లకు ఇంచుమించు 600 నుంచి 700 లీటర్లు. మిగిలిన పిప్పి పశువులకు. ఒకవేళ పిండే రోజే మీరు వెళ్తే రసం చూసి 'పాడైందా' అనకండి. తురిమిన ఆపిల్ గాలి తగిలి గోధుమరంగు తిరుగుతుంది, మంచి సైడర్ రంగు వచ్చేదే దానివల్ల.

అక్కడి పండ్లు మనం బెసెంట్ రోడ్డులో కొనే ఆపిల్ కావు. కొరికితే ఉమ్మేస్తారు. డాబినెట్, యార్లింగ్టన్ మిల్ లాంటివి తీపితో పాటు గట్టి వగరు ఉన్నవి, కింగ్‌స్టన్ బ్లాక్ అయితే వగరు మీద పులుపు కూడా. మూడూ సోమర్‌సెట్ గడ్డ మీద పుట్టినవే. సైడర్‌కు ప్రాణం ఆ వగరే. తీపి ఎలాగూ ఈస్టు తినేస్తుంది, పులుపు కొంత తగ్గుతుంది, చివరికి నోట్లో నిలిచేది వగరు. 1903లో బ్రిస్టల్ పక్కనే లాంగ్ ఆష్టన్‌లో మొదలైన పరిశోధన కేంద్రం ఈ పండ్లను నాలుగు తెగలుగా విడదీసింది: వగరునిచ్చే టానిన్ 0.2 శాతం దాటితే వగరు జాతి, ఆమ్లం 0.45 శాతం దాటితే పులుపు జాతి, రెండూ దాటితే ఒకటి, రెండూ దాటకపోతే ఒకటి. ఆ కేంద్రం 2003లో మూతపడింది గానీ రైతులు ఇప్పటికీ ఆ నాలుగు మాటల్లోనే మాట్లాడతారు. మీ అమ్మాయి ఇంటి నుంచి ఆ ఊరు కారులో కాసేపే.

తోటలోకి కూడా తప్పకుండా నడవండి. ఆకు లేకపోవడం లోటు కాదు. పాత తోటల్లో చెట్లు ఎత్తుగా పెంచుతారు, కింద గొర్రెలు మేయడానికి. ఆకు రాలాక కొమ్మల మీద అక్కడక్కడా పచ్చటి బంతుల్లాంటివి కనిపిస్తాయి, అవి బదనిక జాతి మొక్కలు, మిసిల్‌టో అంటారు. ఆపిల్ చెట్టంటే దానికి మహా ఇష్టం. వేసవిలో ఆకుల్లో కలిసిపోయి కనపడదు. కొమ్మలు కత్తిరించేది ఈ నెలల్లోనే, అంటు కట్టడానికి పుల్లలు కోసి దాచేదీ ఇప్పుడే. గింజ నాటితే తల్లి రకం రాదు కాబట్టి ఆ పుల్లలే రేపటి తోట. నేల మీద మిగిలిన పండ్ల కోసం ఉత్తరాది నుంచి వలస వచ్చిన ఫీల్డ్‌ఫేర్ అనే పక్షులు గుంపుగా దిగుతాయి, మీ వారికి పక్షులంటే ఆసక్తి ఉంటే బైనాక్యులర్ పెట్టుకోమనండి.

ఇక రుచి విషయం. మీరు తాగరు, ఆ మాట మొదటే నవ్వుతూ చెప్పేయండి, ఎవరూ బలవంతపెట్టరు, ఏమీ అనుకోరు. చాలాచోట్ల సీసాలో వేడిచేసి నిలవపెట్టిన ఆపిల్ రసం కూడా అమ్ముతారు. మీ వారి సంగతి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇందులో చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. మద్యం లేదు కదా అని ఆపిల్ రసం గ్లాసుడు తాగితే అందులో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. పూర్తిగా పులిసిన 'డ్రై' సైడర్‌లో చక్కెర దాదాపు ఉండదు. అలాగని అది షుగర్ ఉన్నవాళ్ళకు మంచిదని కాదు. కాలేయం మద్యాన్ని వదిలించుకునే పనిలో పడితే, రక్తంలో చక్కెర తగ్గినప్పుడు తన నిల్వ నుంచి విడుదల చేయాల్సింది చేయదు. మీ వారు ఇన్సులిన్ మీద ఉన్నా, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటున్నా, గంటల తర్వాత కూడా చక్కెర పడిపోవచ్చు. చలికి వణుకుతున్నారో చక్కెర పడి వణుకుతున్నారో కారులో వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకు తెలియదు. రుచి చూడాలని గట్టిగా ఉంటే ముందు తన డాక్టరును అడిగి, భోజనం చేశాక, రెండు గుక్కలు. షుగర్ చూసే మీటరు జేబులో ఉండాలి. 'స్వీట్' అని రాసి ఉన్న పీపా గురించి మాత్రం విడిగా అడగండి. పులియడం పూర్తయిన సైడర్‌లో చక్కెర కలిపితే మళ్ళీ పులుస్తుంది కాబట్టి కొందరు శాకరిన్ లాంటి కృత్రిమ తీపి వేస్తారు, ఇంకొందరు చక్కెర వేసి వేడిచేసి ఆపుతారు. చూపుకి రెండూ ఒకటే.

అల్లుడు గారికి రైతు పోసేది ఎక్కువగా కిందటేడు పీపాది. అడిగితే ఈ ఏడాదిది కూడా గ్లాసు అడుగున కాస్త పోస్తాడు, అడగమనండి. మడ్డిగా, తియ్యగా, నాలుకకు చురుక్కుమంటూ ఉంటుంది. వెంటనే కిందటేడుది తాగితే అదే సరుకు ఒక ఏడాదిలో ఏమైందో తెలుస్తుంది. వసంతం వచ్చి కొట్టం వేడెక్కాక ఇంకో మార్పు జరుగుతుంది, ఆపిల్‌లో ఉండే గట్టి పులుపు, మాలిక్ ఆమ్లం, బ్యాక్టీరియా చేతిలో పెరుగులో ఉండే మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. తోట పూతకు వచ్చే రోజుల్లోనే పీపా మళ్ళీ కదలడంతో, చెట్టు పూస్తే పీపాలో సైడర్‌కు తెలుస్తుందని పాతవాళ్ళు అనుకునేవారు. ఇద్దరికీ కబురు పంపింది వేడే. నచ్చకపోతే మిగిలింది పారబోయడానికి అక్కడే చోటు ఉంటుంది, మర్యాదలోపం కాదు. బేరం ఆడటం మాత్రం లోపం. ఇంకో మాట, కారు నడిపేవాళ్ళు ముట్టకూడదు. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల దాకా అనుమతి, మన 30తో పోలిస్తే ఎక్కువే, కానీ ఆ పొలం దారులు ఒక్క కారు పట్టేంత వెడల్పు, ఇరువైపులా చెట్ల కంచె, ఎదురుగా ట్రాక్టర్. ఆ రోజు డ్రైవింగ్ అమ్మాయికి ఇప్పించండి, లేదా అల్లుడు గారు మానుకోవాలి.

శాకాహారం గురించి మీరు అడిగింది సరైన ప్రశ్నే. పీపాలో మాంసం ముక్కలు వేసేవారని, ఎలుకలు పడితే మంచిదనేవారని పాత కథలు అక్కడ నవ్వుతూ చెబుతారు. ఈస్టుకు నత్రజని చాలదన్నాను కదా, మాంసం వేయడానికి కారణం అది. ఇప్పుడు అమ్మకానికి చేసేవాళ్ళు ఆ పని చేయరు. నిజంగా అడగాల్సింది తేట పట్టడానికి ఏం వాడతారని. కొందరు జెలటిన్, కొందరు చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. పొలంలో మడ్డిగా ఉన్నది అలాగే అమ్మేవాడు ఏదీ వాడడు. సైడర్ సంగతి అల్లుడు గారిదే అనుకున్నా, మీకు తగిలేది పక్కన పెట్టే చీజ్. చెడ్డర్ అనే ఊరు సోమర్‌సెట్‌లోనే ఉంది, ఆ చీజ్ పెట్టకుండా పంపరు. సంప్రదాయ పద్ధతి చెడ్డర్‌లో పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. లేబుల్ మీద 'వెజిటేరియన్' అని ఉంటేనే తినండి. అలాంటివీ బోలెడు దొరుకుతాయి.

తేదీ మీ చేతిలో ఉంటే జనవరి 17 చుట్టూ పెట్టుకోండి. అది వాళ్ళ పాత లెక్కలో క్రిస్మస్ తర్వాత వచ్చే పన్నెండో రాత్రి పండగ. బ్రిటన్ 1752లో క్యాలెండర్ మార్చి 11 రోజులు ఎగరగొట్టినప్పుడు పల్లెల్లో చాలామంది పండగను పాత తేదీకే పట్టుకుని ఉండిపోయారు. ఆ రాత్రి తోటలో 'వాసైల్' చేస్తారు. తోటలో ఒక పెద్ద చెట్టు చుట్టూ చేరి, వేరు దగ్గర సైడర్ పోసి, సైడర్‌లో తడిపిన రొట్టె ముక్కలు పిట్టల కోసం కొమ్మల్లో పెట్టి, పాట పాడి, గిన్నెలు వాయించి, తుపాకులు గాల్లోకి పేల్చి దుష్టశక్తులను తరుముతారు. సోమర్‌సెట్‌లో కార్‌హాంప్టన్ అనే ఊరిది బాగా పేరున్నది. కొన్నేళ్ళలో అది సరిగ్గా మన ముక్కనుమ నాడే పడుతుంది. పంట చేతికొచ్చాక చెట్టుకూ పశువుకూ మర్యాద చేయడం మనకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు కాబట్టి మీకు అక్కడ కొత్తగా ఏమీ అనిపించదు, తుపాకులు తప్ప. చెవులు మూసుకోండి.

ఒక చేదు ముక్క కూడా చెప్పాలి, వాళ్ళు అతిథులకు చెప్పరు గనక. పద్దెనిమిదో శతాబ్దంలో పక్క జిల్లా డెవన్‌లో సైడర్ తాగేవాళ్ళకు కడుపులో మెలిపెట్టే నొప్పి, చేతులు చచ్చుబడటం వచ్చేవి. 1767లో జార్జ్ బేకర్ అనే వైద్యుడు కారణం సీసం అని తేల్చాడు. ప్రెస్సుల్లో, మరల్లో సీసం వాడేవాళ్ళు, పుల్లటి రసం దాన్ని కరిగించుకునేది. అదీ చాలదన్నట్టు పొలం కూలీలకు జీతంలో కొంత సైడర్ రూపంలోనే ఇచ్చేవాళ్ళు, 1887లో చట్టం దాన్ని ఆపేదాకా. గోడకు వేలాడే పాత చెక్క సీసా, పాత ప్రెస్సు చూసి ముచ్చటపడేటప్పుడు ఇది గుర్తుంటే మంచిదని నా ఉద్దేశం.

వెళ్ళేటప్పుడు: జనవరి మధ్యలో బ్రిస్టల్ వైపు తెల్లవారేది 8 దాటాక, చీకటిపడేది సాయంత్రం నాలుగున్నరకే. పదకొండు గంటలకల్లా అక్కడుండేలా బయలుదేరండి. పగటి వేడి 8 డిగ్రీలు దాటితే గొప్ప, కొట్టంలో హీటర్ ఉండదు, నేల సిమెంటు. విజయవాడ చలికి కొన్న స్వెట్టర్ చాలదు, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు, మోకాలి దాకా రబ్బరు బూట్లు. బూట్లు అమ్మాయి ఇంట్లో ఉంటాయి. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు బురదపాలవుతాయి, ప్యాంటు మీకు అలవాటు లేకపోతే చుడీదార్ వేసుకోండి. సోమర్‌సెట్ లోతట్టు ప్రాంతం, లెవెల్స్ అంటారు, చలికాలంలో నీట మునిగే నేల. 2013-14 శీతాకాలంలో అక్కడ ఊళ్ళు వారాల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వానలు గట్టిగా పడుతుంటే దారి తెరిచి ఉందో లేదో చూసుకుని బయలుదేరమనండి. చేతిలో నగదు ఉంచుకోండి. లోపల పెద్ద తొట్టి మూత తీసి ఉంటే తల వంచి లోపలికి చూడొద్దు. పులిసేచోట పేరుకున్న వాయువు కంటికి కనపడదు, ఊపిరి ఆడనివ్వదు, మనుషులు పోయిన సందర్భాలు ఉన్నాయి.

రైతును 'సర్' అనకండి, పేరుతోనే పిలవమంటాడు, మనకు ఒక పట్టాన నోరు రాదు గానీ అక్కడ అదే మర్యాద. పట్టుకెళ్ళాలనిపిస్తే పండగ అరిసెలు నాలుగు పట్టుకెళ్ళండి. బెల్లం రుచి వాళ్ళకు బాగా నచ్చుతుంది, డ్రై సైడర్ వగరు పక్కన ఇంకా బాగుంటుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, నా నాలుక తీర్పు.

సీసా ఇంటికి తేవడం గురించి. కస్టమ్స్ లెక్కలో ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తేవచ్చు, అది సమస్య కాదు. సమస్య సరుకుది. పీపా నుంచి ప్లాస్టిక్ డబ్బాలోకి పట్టి ఇచ్చేది ఇంకా బతికే ఉంటుంది. బ్రిస్టల్ చలిలో పడుకున్న ఈస్టు, గన్నవరంలో దిగి ఇంటికి చేరేసరికి లేచి కూర్చుంటుంది. కొంచెం చక్కెర మిగిలి ఉన్నా వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుంది, మూత ఎగిరితే సూట్‌కేసులో పట్టుచీరలన్నీ తడిసిపోతాయి. తేవాలంటే వేడిచేసి గాజు సీసాలో మూత వేసినదే కొనండి. నన్నడిగితే అదీ వద్దు. ఆ కొట్టంలోనే ఆపిల్ వెనిగర్ అమ్ముతారు, సైడర్‌ని గాలి తగలనిచ్చి నెలల తరబడి పుల్లబరిచింది. మద్యం దాదాపు ఉండదు, ఎండకు పాడుకాదు, మూత ఎగరదు. ఉల్లిపాయ, కీర ముక్కల మీద రెండు చుక్కలు వేసుకోవచ్చు. అడుగున పల్చటి పొరలాంటిది కనిపిస్తే పారేయకండి, అది వెనిగర్ చేసే బ్యాక్టీరియా కట్టిన పొర. తాటికల్లు మిగిలినప్పుడు అందులో ఒక ముక్క వేసి పైన పల్చటి గుడ్డ కట్టి వదిలేస్తే, కొన్ని వారాల్లో మీ ఇంట్లోనే కల్లు వెనిగర్ తయారవుతుంది.